సింహం ముక్కు మీది దోమ

పనిచేసే మనిషికి తల అనవసరం. ఉంటే ఉండనివ్వండి, టోపీ పెట్టుకోవడానికి పనికొస్తుంది. పనిలోకి మాత్రం తేకండి. ఈ జ్ఞానం నాకు బడిలో అబ్బలేదు, అక్కడ నేను ఎక్కువ కాలం లేను. ఎర్రజుట్టు దొరల వంశముద్రలు నేర్పాయి.

కాంటన్‌ రేవులో, మా చీనా నది ఒడ్డున ఉన్న కొట్టంలో తెల్లటి పింగాణీ పళ్లేల మీద ఆ ముద్రలు దించడమే మా బతుకు. దొర ఓడలో కాగితం మీద బొమ్మ పంపుతాడు. ఒక డాలు, పక్కన తిండిలేని కుక్కలాంటి సింహం. వెనక్కాళ్ల మీద లేచి నాలుక చాపుతుంది. ఎందుకు చాపుతుందో వాళ్ల తాతకు తెలుసు, మనకెందుకు? ఇంత హాయి ఇంకే పనిలో ఉంది చెప్పండి!

ఒక ఏడు వచ్చిన బొమ్మలో సింహం ముక్కు మీద దోమ ఉంది. గీసిన దోమ కాదు. కాగితం మడతలో పడి నలిగి, కాళ్లతో సహా అంటుకుపోయింది.

"మేస్త్రి గారూ, ఇది దోమండీ," అన్నాను.

"నువ్వు ఆ ఇంటి అల్లుడివా, సెక్?" అన్నాడు ఖ్వాన్ మేస్త్రి.

"కాదండి."

"మరి వాళ్లింట్లో దోమ ఉండదని నీకెవడు చెప్పాడు? ఉన్నది ఉన్నట్టు దించు."

దించాను. రెక్కలూ కాళ్లూ అన్నీ. చివరి పళ్లెం దగ్గర నా తల ఊరుకోలేదు. దోమను వదిలేశాను. సింహం ముక్కు కడిగినట్టుంది!

గాలి మారి మళ్లీ ఓడలొచ్చినప్పుడు దొర మనిషి ఒకే ఒక్క పళ్లెం వెనక్కి తెచ్చాడు. ఏ పళ్లెమో మీరు ఊహించే ఉంటారు. విందులో అది ముందు పెట్టుకున్న చుట్టానికి కోపమొచ్చిందట, అందరి సింహానికీ ఉన్నది తన సింహానికి లేదేమని. ఆ ఇంట్లో ఇప్పుడు నౌకర్ల కోట్ల మీద కూడా దోమను కుట్టిస్తున్నారట.

మేస్త్రి నన్ను కిటికీ పక్కనుంచి లేపేశాడు. "ఆలోచించేవాడికి వెలుగెందుకోయ్," అని ఆ చోట్లో తన బావమరిదిని కూర్చోబెట్టాడు. నేనిప్పుడు బట్టీ వెనక చీకట్లో పళ్లేల అంచులకు గీత తిప్పుతున్నాను. వయసు మీరిన నా కళ్లకు అదీ వంకరపోతోంది.

నిన్న కొత్త బొమ్మ మీద మేస్త్రి టీ ఒలకబోశాడు. బావమరిది కాగితం ఆరబెట్టి, ఎంతో శ్రద్ధగా ఆ మరకకు రంగు నూరుకున్నాడు.

"సెక్ మామా, సరిపోయిందా?" అని నన్నే అడిగాడు.

"ఇంకాస్త ముదురు కలుపు నాయనా," అన్నాను.

మా వంశానికి ముద్ర లేదు. ఎవరైనా అడిగితే నా దగ్గర సిద్ధంగా ఉంది: కుంచె పట్టిన చెయ్యి, పైన మెడ, ఆపైన ఖాళీ. కిటికీ పక్కన కూర్చోనిస్తే ఇప్పటికీ వంకరలేకుండా గీస్తాను.