ఎర్మెలిందా క్లాసులో పెద్దలందరూ ఔట్

ఆ మంగళవారం పొద్దున ఎర్మెలిందా వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి సూపర్‌వైజర్ డాన్ క్రిస్పీన్ వస్తాడు. ఆమె పిల్లలు పది ఇంగ్లీషు మాటలకి అర్థం చేతల్లో చూపిస్తారు. పక్క గది యానినా మొహం మాడిపోతుంది. అంతే.

యానినాకి ఇరవయ్యారేళ్లు. రాజధాని అసున్సియోన్ నుంచి వచ్చి నాలుగు నెలలైనా కాలేదు, అప్పుడే ఊళ్లో తల్లులంతా "యానినా ప్రొఫే, యానినా ప్రొఫే" అని ఒకటే జపం; ప్రొఫే అంటే అక్కడ టీచరమ్మ. ఇరవై రెండేళ్లుగా అదే బళ్లో ముక్కులు తుడుస్తున్న ఎర్మెలిందా ఎవరి కంటికీ ఆనడం లేదు. పైగా వచ్చే ఏడాది చిన్నపిల్లల ఇంగ్లీషు ఒక్క టీచరుకే ఇస్తారట. రెండోవాళ్లు పొద్దున్నే పిల్లలకి పాలు పోయాలి. ఇంత సర్వీసు చేసి చివరికి పాల గరిటె పట్టుకోవాలా!

అందుకని ఆమె రెండు పనులు చేసింది. ఒకటి, "పక్క గదిలో చదువు లేదు, అన్నీ ఆటలే" అని సూపర్‌వైజర్‌కి సంతకం పెట్టి మరీ ఉత్తరం రాసింది. రెండు, తలుపు వేసుకుని తనూ ఆటే మొదలుపెట్టింది, సిమోన్ అనే ఉత్తుత్తి మనిషి పేరుతో.

"సిమోన్ చెప్పాడు, జంప్" అంటే ఎగరాలి. ఉత్తినే "జంప్" అంటే కదలకూడదు. కదిలితే ఔట్, వెళ్లి గోడ దగ్గర నిలబడాలి. చివరిదాకా నిలిచినవాళ్లకి వేడివేడి చీపా రొట్టె. ఆ రొట్టె కోసం పందొమ్మిది మంది ఐదేళ్ల పిల్లలు వారంలో పది మాటలూ నేర్చేసుకున్నారు.

సూపర్‌వైజర్ ముందు యానినా గదికి వెళ్లాడు. అక్కణ్నించి చప్పట్లు వినిపించాయి. ఒక్కో చప్పట్టూ ఎర్మెలిందా చెంప మీద పడినట్టే ఉంది. తర్వాత ఆయనా, ప్రిన్సిపాల్ నీల్దా, వెనకాలే యానినా ఈ గదిలోకి వచ్చారు.

"మా దగ్గర ఆటలూ పాటలూ ఉండవండీ. అర్థం తెలిసి నేర్చుకుంటారు," అంది ఎర్మెలిందా, యానినా వైపు చూస్తూ.

"మంచిది. జంప్!" అన్నాడు డాన్ క్రిస్పీన్.

ఒక్కరూ ఎగరలేదు.

"సిట్!"

ఒక్కరూ కూర్చోలేదు. డెర్లిస్ అనే బుడతడైతే ఊపిరి కూడా బిగబట్టేశాడు.

"భయపడుతున్నారు పాపం," అంది యానినా. ఆ జాలి ఎర్మెలిందాకి కంట్లో కారం కొట్టినట్టుంది. సిమోన్ పేరెత్తుదామంటే ఆట సంగతి బయటపడుతుంది. ఉత్తరమేమో ఆయన సంచీలోనే ఉంది.

"జంప్, నా బంగారాలూ! ఒక్కసారి జంప్!" అని బతిమాలింది.

పిల్లలు ఒకరినొకరు చూసుకుని కిసుక్కున నవ్వారు. ఇవాళ ప్రొఫే గట్టిగానే బుట్టలో వెయ్యాలని చూస్తోంది! ఇక లాభం లేదని ఆమే ఎగిరి చూపించింది.

"ప్రొఫే ఔట్!" గది దద్దరిల్లింది. అరామీ అనే పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి లాక్కెళ్లింది. "నీకు ఇవాళ చీపా లేదు."

"ఏమిటీ గోల? సిట్ అంటే ఇలా!" అని ప్రిన్సిపాల్ బుల్లి కుర్చీలో కూలబడింది. ఔట్. "ఓపెన్ అంటేనో?" అని సూపర్‌వైజర్ తలుపు తెరిచి చూపించాడు. ఔట్. సాయం చేద్దామని "క్లాప్, క్లాప్" అంటూ యానినా చప్పట్లు కొట్టింది. ఆమె కూడా ఔట్.

నలుగురు పెద్దలూ గోడకి ఆనుకుని వరసగా నిలబడ్డారు.

"ఇది ఆట కదూ?" అన్నాడు డాన్ క్రిస్పీన్ గొంతు తగ్గించి.

"తాతా, ఔటైనవాళ్లు మాట్లాడకూడదు!" డెర్లిస్ కసిరాడు.

"ఆటేనండీ," అంది ఎర్మెలిందా, నేల చూపులు చూస్తూ.

"మరి ఆ ఉత్తరం రాసింది?"

"నేనేనండీ."

పోయే పరువు ఎలాగూ పోయింది. తలెత్తి అరిచింది, "సిమోన్ చెప్పాడు, జంప్!" పందొమ్మిది మందీ ఒక్కసారి ఎగిరారు. సిట్, రన్, స్టాప్, ఓపెన్... పది మాటల్లో ఒక్కటీ తప్పలేదు.

డాన్ క్రిస్పీన్ కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "చెయ్యడం ఎవరైనా నేర్పుతారు ప్రొఫే. ఎప్పుడు చెయ్యకూడదో కూడా నేర్పారే! వచ్చే ఏడాది రెండు గదుల పిల్లలూ మీకే." పాల గరిటె యానినాకి వెళ్లింది.

మరుసటి ఏడాది ఏప్రిల్‌కల్లా నలభై ఒక్క మంది పిల్లలతో ఎర్మెలిందా గొంతు పూర్తిగా పోయింది. ఒకరోజు కిటికీలోంచి చూస్తే, తొమ్మిదిన్నరకే గిన్నెలు కడిగేసుకున్న యానినా మామిడిచెట్టు కింద చల్లటి తెరెరే టీ చప్పరిస్తోంది. చుట్టూ ఆ తల్లులే, ఆ నవ్వులే.

మధ్యాహ్నం ఎర్మెలిందా ప్రిన్సిపాల్ గదికి వెళ్లి బొంగురు గొంతుతో చెప్పింది, "పాలు పోయడమంటే ఆషామాషీ కాదు నీల్దా. దానికి బాగా అనుభవం ఉన్న మనిషి కావాలి."