రెండు రూటర్ల నడుమ గరిటె

పొద్దున్నే ముందు గది ఊడ్చి, మా అవ్వ పాత చీర ముక్కతో రూటర్ మీది దుమ్ము తుడుస్తుండగా నాకొక సత్యం బోధపడింది. రహస్యం దాచడానికి ఇనప్పెట్టె కంటే, బ్యాంకు లాకర్ కంటే గట్టి సాధనం ఒకటుంది. అదే, రెండు కంపెనీల లైన్ల మీదుగా వేసిన వీపీఎన్!

నవ్వకండి. ఇనప్పెట్టెకు తాళం చెవి ఉంటుంది. చెవి ఉన్నవాడు ఎప్పుడో ఒకప్పుడు తెరుస్తాడు. మా వీపీఎన్‌కు ఆ బలహీనత లేదు. అందులో వేసిన వస్తువు దొంగకు కనిపించదు, పోటీ కంపెనీకి కనిపించదు, ఎవరికి పంపామో వాళ్ళకూ కనిపించదు. ఇంతకంటే భద్రత ఏ ప్రభుత్వం ఇవ్వగలదు?

వీపీఎన్ అంటే ఏమిటని అడిగేవాళ్ళ కోసం చెబుతాను. పదిమంది నడిచే రోడ్డు మీదే, మనకు మాత్రమే తెలిసిన దొంగ కాలిబాట అన్నమాట. ఆ బాట ఎక్కడ మలుపు తిరగాలో, ఎవరిని పోనివ్వాలో చెప్పే పెట్టె రూటర్. మా ఇంట్లో ఉన్నది నల్లటిది, పెద్ద బైబిలంత ఉంటుంది.

అది మా ఇంటికెలా వచ్చిందంటారా? చెక్క గరిటెలు ఎగుమతి చేసే కంపెనీ ఒకటి ఉదయగిరిలో మా ముందు గది అద్దెకు తీసుకొని ఆఫీసు పెట్టింది. కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం నాకిచ్చింది. గోదాము, మేనేజర్ చంద్రశేఖర్ గారు ఆత్మకూరులో. ఇక్కడికీ అక్కడికీ బస్సుకు గంటన్నర. ఇన్నాళ్ళూ కొత్త గరిటె బొమ్మ, అంటే కొలతలు వేసి గీసిన కాగితం, వస్తే ఆత్మకూరు బస్సు కండక్టర్ చేతికిచ్చేవాళ్ళు. ఆయన మందుసీసాలు, మల్లెపూలు, మరిచిపోయిన గొడుగులతో పాటు దాన్నీ తెచ్చి బస్టాండు టీ బంకులో పెట్టేవాడు. ఎంత అనాగరికం! బొమ్మ అదే పూట చేరిపోయేది. ఎదురుచూపులోని మాధుర్యం మాకెవరికీ తెలిసేది కాదు.

ఈ తొంభై తొమ్మిదిలో ఆ కొరత తీరింది. ఆత్మకూరులో ఒక కంపెనీ లైనే ఉంది, ఉదయగిరిలో ఇంకో కంపెనీ లైనే ఉంది. కాబట్టి గోదాములో బయల్దేరిన బొమ్మ నెల్లూరు మీదుగా మద్రాసు పోతుంది. అక్కడ వాళ్ళ రూటర్ దాన్ని మా రూటర్ చేతికి అందించాలి. మా రూటర్ దాన్ని హైదరాబాదు తిప్పి, నెల్లూరు తెచ్చి, ఆత్మకూరులో ఆగకుండా, మళ్ళీ ఆ ఊరి మీదుగానే ఉదయగిరి చేరుస్తుంది. పుట్టి పెరిగి నెల్లూరు దాటని మనుషులున్న ఊళ్ళో ఒక గరిటె బొమ్మకు ఇంత లోకజ్ఞానం అబ్బడం గర్వకారణం కాదా?

అయితే ఈ వేసవిలో వచ్చిన ఫారిన్ గరిటె బొమ్మ మద్రాసులో ఆగింది. అందించాల్సిన రూటర్ అందించలేదు, అందుకోవాల్సిన రూటర్ అందుకోలేదు.

మా లైను కంపెనీ ఇంజనీర్ ఎడ్విన్ వచ్చి, కీబోర్డు మీద ఏదో కొట్టి, స్క్రీన్ చూపించాడు. “చూసినావా? మద్రాసులో మా పెట్టె దాకా బ్రహ్మాండంగా పోతా ఉండాది. ఆపైన వాళ్ళది.”

ఆత్మకూరు లైను కంపెనీ ఇంజనీర్ పెంచలప్రసాద్ ఫోన్లో అదే మాట. “మద్రాసులో మా పెట్టె దాకా తిరుగులేదు. ఆపైన మీది.”

లోపం ఎడ్విన్ పెట్టెలో లేదు, ప్రసాద్ పెట్టెలోనూ లేదు. రెండింటి నడుమ ఉంది. నడుమ ఎవరూ ఉద్యోగం చేయరు! ఎవరి తప్పూ లేకుండా పని ఆగిపోయే ఏర్పాటు ఎంత చల్లనిదో ఆలోచించండి. తిట్లు లేవు, సంజాయిషీలు లేవు. కోపం వచ్చినవాడు దాన్ని ఎవరికీ ఇవ్వలేక ఇంటికి మోసుకుపోతాడు.

ఇక్కడ కొండలయ్య తాత గురించి చెప్పాలి. మా ఊళ్ళో గరిటెలు చెక్కే షెడ్డు ఆయనది. అవ్వ వంటింట్లో ఉన్న గరిటె కూడా ఆయన చెక్కిందే. పప్పుచారులో గరిటె జారి మునిగిపోతోందని అవ్వ ఒకసారి ఆయన్ను నలుగురిలో నిలదీసింది. మర్నాడే కాడ చివర చిన్న కొక్కెం చెక్కి తెచ్చాడు, కుండ అంచుకు తగిలించుకునేట్టు. కొక్కెం పక్కన వేలు ఆనడానికి ఒక నొక్కు కూడా, అవ్వ బొటనవేలు కొలతకు. అది చూసి కంపెనీవాళ్ళు నిరుడు అలాంటిదే ఇంకొకటి చేయించుకొని శాంపిల్‌గా పట్టుకుపోయారు కూడా. సరే, ఫారిన్ డిజైన్ల ముందు మా వంటింటి గరిటె ఎంత! దాన్ని వదిలేద్దాం.

కొత్త ఆర్డరు కోసం తాత కొండ నుంచి పచ్చి కర్ర దింపించాడు. పచ్చిగా ఉన్నప్పుడే చెక్కాలి, ఆరితే పగులుతుంది. నిరుడు కొలత తప్పిందని సరుకు మొత్తం తిప్పి పంపారు కాబట్టి బొమ్మ చూడకుండా ఉలి పెట్టడు. ఎండలు చూస్తే మండిపోతున్నాయి. ఆయన కర్ర మీద గోనెసంచులు కప్పి, వాటిమీద పూటపూటకూ కడవలతో నీళ్ళు పోస్తున్నాడు. తాగడానికే నీళ్ళు లేని వీధిలో ఆ దృశ్యం చూసి జనం “ఏం కొండలయ్యా, చిగురేసిందా? కాయలు మాక్కూడా పెట్టు” అని పలకరిస్తున్నారు.

ఈ ఆర్డరు దక్కితే షెడ్డు నిలుస్తుంది. లేదంటే నెల్లూరు అవతల సముద్రం పక్క రొయ్యల గుంటలకు కాపలా పోవాలి. ఆయన అల్లుడు అక్కడ పని కూడా మాట్లాడి పెట్టాడు. ఉలి పట్టిన చేతికి టార్చిలైటు బరువేం కాదు కదా!

రోజూ పొద్దున్నే వచ్చి గడప దగ్గర చెప్పులు విడిచి అడిగేవాడు.

“పాపా, బొమ్మ వచ్చిందా?”

“లేదు తాతా. మద్రాసులో ఉండాదంట.”

“మద్రాసులో దానికేం పని?”

నేను స్క్రీన్ వైపు తిరిగేదాన్ని. అవ్వే అందుకునేది. “కూర్చోరా కొండలయ్యా, కాస్త మజ్జిగ తాగిపో. బొమ్మ కూడా ఎండకి యాడో నీడన ఆగినట్టుండాది.”

నేను చంద్రశేఖర్ గారికి ఫోన్ చేసి, బొమ్మను బస్సులో పంపకూడదా అని అడిగాను. “ఏమ్మా, మతుండే మాట్లాడతా ఉండావా? అది ఫారిన్ డిజైన్. కండక్టర్ విప్పి చూస్తే ఏం గాను? బస్సులో పంపేదానికి వీపీఎన్ ఎందుకు పెట్టినట్టు?” అన్నాడాయన. పోనీ కొలతలు ఫోన్లో చెప్పమన్నాను. ఫోన్లు ఎవరైనా వింటారట. నెలాఖరుకు మొదటి సరుకు మద్రాసు ఓడరేవులో లేకపోతే ఆర్డరు వేరే ఊరికి పోతుందని మాత్రం అదే ఫోన్లో, గట్టిగా, రోజూ చెప్పేవాడు.

చివరికి ఆయనే ఇంజనీర్లిద్దర్నీ మా ఇంట్లో ఒకచోట కూర్చోబెట్టాడు. వాళ్ళు పాత క్లాస్‌మేట్లని అప్పుడు తెలిసింది. “రేయ్ ప్రసాదూ, నువ్వంట్రా అవతల?” అన్నాడు ఎడ్విన్. “నువ్వని తెలిస్తే ఇన్నాళ్ళు తిట్టుకునేవాణ్ణి కాదు కదరా” అన్నాడు ప్రసాద్. అవ్వ ఇద్దరికీ కొక్కెం గరిటెతో పప్పుచారు పోసింది.

భోజనాల దగ్గరే రోగం బయటపడింది. లైన్లో వచ్చిన సరుకు ఫలానావాళ్ళది అని గుర్తుపట్టడానికి ఇద్దరూ తమ పెట్టెల్లో ఒకే గుర్తు నంబరు రాయాలి. ఎడ్విన్ తన కంపెనీ నంబరు రాశాడు. ప్రసాద్ తన కంపెనీ నంబరు రాశాడు. ఎదుటివాడి నంబరు వేసుకోవడమంటే తలవంపులని ఇద్దరి పైఅధికారులూ చెప్పారట. అంటే మద్రాసులో రెండు తలుపులూ ఎదురెదురుగానే ఉన్నాయి. ఎవరి తాళం వాళ్ళు వేసుకొని కూర్చున్నారు.

ఇక్కడే స్నేహం గొప్పదనం చూడండి. ప్రసాద్ బస్సెక్కగానే ఎడ్విన్ మనసు కరిగింది. “వాడితో నాకు పంతమేంది, పాపం” అని మా ముందు గదిలోంచే తన పెట్టెలో ప్రసాద్ నంబరు వేశాడు. ఆత్మకూరు చేరిన ప్రసాద్ మనసూ కరిగింది. “వాడి కంపెనీలో వాడికి మాటొస్తాది, పాపం” అని తన పెట్టెలో ఎడ్విన్ నంబరు వేశాడు. చేసిన త్యాగం చెప్పుకోవడం మర్యాద కాదని ఇద్దరూ నోరు మెదపలేదు.

బొమ్మ కదల్లేదు.

విషయం తెలిశాక ఇద్దరూ ఫోన్లో నవ్వుకొని, ఈసారి ఎవరు మార్చాలో తేల్చుకోకుండానే పెట్టేశారు. తర్వాత ఎడ్విన్ మర్యాదగా తన పాత నంబరు వేశాడు. ప్రసాద్ కూడా అంతే మర్యాదగా తన పాత నంబరు వేశాడు. ఇరుకు సందులో ఎదురుపడి, ఒకరికొకరు దారి ఇవ్వబోయి ఇద్దరూ ఒకే పక్కకు జరిగే మనుషుల్ని చూశారా? మా నెట్‌వర్కు సరిగ్గా అంత సంస్కారవంతమైనది. ఇలాంటి సౌజన్యం ఒక్క కంపెనీ లైనుంటే సాధ్యమయ్యేదా?

ఈ మర్యాదలు సాగిన నాలుగు రోజుల్లో మా చేదబావి అడుగంటింది. కొండలయ్య తాత మజ్జిగ తాగడం మానేసి, “ఆ గ్లాసుడు నీళ్ళు కర్ర మీదకి పోస్తాను, ఇయ్యి అక్కా” అని అడిగి పట్టుకుపోయాడు.

అంతలో పెంచలకోన తిరునాళ్ళు వచ్చాయి. ఆ స్వామి పేరే పెట్టుకున్న ప్రసాద్ సెలవు పెట్టి గుడికి పోయాడు. ఫోనుకు దొరకలేదు. ఎడ్విన్ ఈసారీ మనసు కరిగి అతని నంబరు వేశాడు. అవతల మనసు కరిగేవాడు ఊళ్ళో లేడు. రెండు నంబర్లూ కలిశాయి. రూటర్ మీద పచ్చలైటు వెలిగింది. పెద్ద సాంకేతిక సమస్యల్ని ఇంజనీర్లు సెలవు పెట్టి పరిష్కరించవచ్చునని పాఠ్యపుస్తకాల్లో చేర్చాలని నా మనవి.

మర్నాడు కొండలయ్య తాత వచ్చేసరికి బొమ్మ స్క్రీన్ మీద పైనుంచి కిందికి గీత గీతగా దిగుతోంది. ఆయన చంకలో ఒక గుడ్డమూట ఉంది. చేతిలో ఆర్డరు కోసం దింపించిన కర్రలో ఒక ముక్క ఉంది. కుర్చీ వేశాను. కూర్చోలేదు.

ముందు గరిటె గుంట కనిపించింది. తర్వాత సన్నటి కాడ. దేశాలు దాటించి, తాళాలు వేసి, కండక్టర్ కన్ను పడకుండా కాపాడిన ఆ రహస్యం ఆఖరి గీతలతో పూర్తయింది. కాడ చివర చిన్న కొక్కెం. పక్కన వేలు ఆనడానికి నొక్కు.

“అది నా గరిటె గదంట్రా” అంది అవ్వ వంటింటి గుమ్మంలోంచి. ఆమె చేతిలోని గరిటె నుంచి చారు బొట్లు కిందపడుతున్నాయి.

చూశారా, రహస్యం ఎంత పదిలంగా ఉందో! చెక్కినవాడికి కూడా తెలియనివ్వలేదు.

కొండలయ్య తాత స్క్రీన్ వంక చూశాడు. అవ్వ చేతి వంక చూశాడు. కర్ర ముక్కను రూటర్ పక్కన పెట్టాడు. అది ఈ చివరి నుంచి ఆ చివరికి నిలువునా పగిలి ఉంది. గుడ్డమూట సర్దుకుంటుంటే లోపల ఉలులు ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యాయి. బస్టాండులో నెల్లూరు బస్సు హారన్ కొడుతోంది.

ఆయన గడప దగ్గర చెప్పులు తొడుక్కొని, బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.