అరువు తెచ్చిన వన్స్‌మోర్

ఆ రోజు పొద్దున నారాయణ అనుకున్న పని చాలా చిన్నది. ప్రొద్దుటూరులో మైక్‌సెట్ హుమాయున్ వ్యాను ఎక్కి పులివెందుల వెళ్ళడం, ఆదినారాయణ ఇంట్లో పెళ్ళి భోజనం చేయడం, భోజనాలయ్యాక పందిట్లో నాలుగు పద్యాలు పాడడం, చీకటి పడేలోగా ఇల్లు చేరడం. పగలు బట్టల కొట్టులో గుమాస్తా అయినా, కిరీటం పెట్టుకున్నాడంటే ఆ చుట్టుపక్కల ఊళ్ళకు చాలా ఏళ్ళుగా అతనే రాజు. పద్యనాటకాల్లో ఇంకొకరికి రాజు వేషం ఇవ్వాలని ఎవరికీ తోచేది కాదు.

ఈ మధ్య తోస్తోంది. మావైపు నాటకాలు చూసేవాళ్ళకు ఒక అలవాటుంది. పద్యం నచ్చితే "వన్స్‌మోర్" అని కేక వేస్తారు. కేక పడిందంటే, వేదిక మీద రాజు ప్రాణాలు విడుస్తున్నా సరే, లేచి కూర్చుని ఆ పద్యం మళ్ళీ పాడి, ఆ తర్వాతే చావాలి. అది మర్యాద. ఒకప్పుడు నారాయణను జనం ఒక పట్టాన చావనిచ్చేవాళ్ళు కారు. ఇప్పుడు చస్తుంటే చూస్తూ ఊరుకుంటున్నారు.

పులివెందుల తిరునాళ్ళలో ఏటా నాటకం ఆడించేది ఆదినారాయణే. పొలాలూ పలుకుబడీ ఉన్న మనిషి. జమ్మలమడుగులో మహబూబ్ బాషా అనే కుర్రవాడు బాగా పాడుతున్నాడని ఎవరో ఆయన చెవిన వేశారు. ఆయన దాపరికం లేకుండా నారాయణకు కబురు పంపాడు. కూతురి పెళ్ళిలో పాడమన్నాడు. జనం వన్స్‌మోర్ అంటే వచ్చే నెల తిరునాళ్ళలో రాజు వేషం నారాయణదే. అనకపోతే మంత్రి వేషం. ఆ నాటకంలో మంత్రికి ఒక్క పద్యం కూడా లేదు. "చిత్తం మహారాజా" అని వంగడమే అతని ఉద్యోగం. మహబూబ్ బాషా ముందు వంగి ఆ మాట అనడం తలుచుకుంటేనే నారాయణకు ముద్ద దిగడం లేదు.

వ్యానులోకి లౌడ్‌స్పీకర్లు ఎక్కిస్తూ హుమాయున్ ఆ మొహం చూశాడు. అతనికి జాలి వేసింది. హుమాయున్‌కు జాలి వేస్తే చూసి ఊరుకోలేడు, ఏదో ఒకటి చేస్తాడు. అదే అతనితో చిక్కు.

అతని దగ్గర ఎవరికీ పనికిరాని ఆస్తి ఒకటుంది. బావమరిది అమీర్ బాషా కువైట్ నుంచి వచ్చినప్పుడల్లా ఇంగ్లీషు రికార్డులు తెచ్చి ఇస్తుంటాడు. ప్రోగ్రెసివ్ రాక్ అంటారట. భుజాల దాకా జుట్టు పెంచిన నలుగురైదుగురు మగవాళ్ళు మొదలుపెడితే రికార్డు ఒక పక్కంతా ఒకటే పాట. వాటిలోనూ హుమాయున్‌కు ఇష్టమైనవి గదిలో కూర్చుని పాడినవి కావు, జనం ముందు కచేరీ చేస్తుండగా పట్టిన లైవ్ ఆల్బంలు. మైకులతో బతికే మనిషి కాబట్టి అతనికి పాటతో పాటు ఆ మైదానం ఎంత పెద్దదో, ఏ మూల ఎవడు దగ్గాడో కూడా వినిపిస్తుంది. గదిలో పాడింది హోటలు అన్నమైతే ఇది పెళ్ళి భోజనమని అతని లెక్క. ఇంట్లో పెడితే పాలు విరిగిపోతాయని భార్య ఖమర్‌బీ గొడవ చేస్తుంది. పెళ్ళిళ్ళలో పెడితే పెళ్ళివాళ్ళు గొడవ చేస్తారు.

"మామా, వన్స్‌మోర్ అనే జనం మన దగ్గరే ఉండారు," అన్నాడు హుమాయున్. "ఒగరిద్దరు కాదు, వేలమంది. ఈ అట్టలో ఉండారు."

ఒక ఆల్బంలో పాటగాళ్ళు వేదిక ఎక్కగానే జనం వేసే కేకలు రికార్డు మొదట్లోనే ఉన్నాయి. నారాయణ పద్యం ముగించగానే ముల్లు అక్కడ పెడతాడు. కేకలు మోగుతాయి. పాట మొదలయ్యేలోగా ముల్లు ఎత్తేస్తాడు. పందిట్లో వాళ్ళు ఇంకెవరో అరిచారనుకుని తామూ అరుస్తారు. ఒకడు ఆవలిస్తే పదిమంది ఆవలించరా? నారాయణ వద్దు వద్దంటూనే ఒప్పుకున్నాడు. హార్మోనియం వాయించే పీర్ సాహెబ్‌కు మాత్రం చెప్పకూడదనుకున్నారు. ఆయన మెట్టు తప్పు నొక్కితేనే క్షమించమని అల్లాకు తౌబా చెప్పుకునే మనిషి.

పెళ్ళి చక్కగా జరిగింది. మగపెళ్ళివారు జమ్మలమడుగు నుంచి బస్సు కట్టించుకుని వచ్చారు. భోజనాల తర్వాత పందిట్లో ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు కూర్చున్నారు. కూర్చున్నారనడం మర్యాదకే, మగవాళ్ళలో సగం మంది పడుకున్నారు. ఆదినారాయణ తల్లి గురమ్మ ఆడవాళ్ళకు ముందు కుర్చీ వేయించుకుని, వచ్చిన చీరల్లో తప్పులు వెతుకుతోంది. నారాయణ తన పెద్ద పద్యం అందుకున్నాడు. రాజ్యం పోగొట్టుకున్న రాజు అడవిలో భార్యను తలుచుకునే పద్యం. చివరి రాగం తీసి, చెయ్యెత్తి ఆపాడు. పందిట్లో విస్తళ్ళు ఎత్తేవాళ్ళ మాటలు తప్ప ఏమీ వినిపించలేదు.

హుమాయున్ ముల్లు దించాడు. వేపచెట్టుకు కట్టిన లౌడ్‌స్పీకర్లలోంచి వేలమంది ఒక్కసారి గొంతెత్తారు. నిద్రపోతున్నవాళ్ళు ఉలిక్కిపడి పంచెలు సర్దుకున్నారు. పీర్ సాహెబ్ కళ్ళు మెరిశాయి. ఎన్నాళ్ళకు విన్నాడో పాపం, ఆ కేక ఎటునుంచి వచ్చిందని కూడా చూడలేదు. వెంటనే శ్రుతి ఇచ్చాడు. నారాయణ మళ్ళీ పాడాడు, నిజంగానే మొదటికంటే బాగా పాడాడు.

అక్కడితో ఆపితే ఏ చిక్కూ లేదు. రెండోసారి ముగిశాక నారాయణ ఇక చాలని కళ్ళతో సైగ చేశాడు. హుమాయున్‌కు అది ఇంకొకటి కొట్టమన్నట్టు కనిపించింది. మళ్ళీ కేకలు. పీర్ సాహెబ్ మళ్ళీ శ్రుతి. జనం అడిగాక కాదనడం ఆయన జీవితంలో లేదు. మూడోసారికి పాయసం తాగిన గొంతు పైస్థాయిలో నిలువునా చీలింది. ఆ చీలిన గొంతుకు కూడా వేలమంది ఈలలు వేసి ఆనందించేసరికి, అంతదాకా బిత్తరపోయి చూస్తున్న పందిరికి అనుమానం వచ్చింది.

గొంతు పోయినవాణ్ణి వన్స్‌మోర్ అన్నారంటే ఎవరో ఎగతాళి చేస్తున్నారన్నమాట. పైగా ఈలలు. ఆడవాళ్ళు కూర్చున్న పందిట్లో ఈల వేయడమంటే మావైపు చిన్న సంగతి కాదు. పులివెందుల కుర్రాళ్ళకు మర్యాద తెలియదని జమ్మలమడుగు వాళ్ళు అన్నారు. మా ఊళ్ళో ఈలలు వేసే వంశాలు లేవు, బస్సులో వచ్చినవాళ్ళను చూసుకోండని పులివెందుల వాళ్ళు అన్నారు. తువ్వాళ్ళు భుజాల మీది నుంచి నడుములకు మారాయి. మంచి మాట చెప్పాలని ఒక పెద్దమనిషి, అరిచింది మీరూ కాదు మేమూ కాదు, మూడో ఊరి వాళ్ళెవరో గడ్డివాము వెనక దాక్కున్నారని తేల్చాడు. ఆ మాట రెండు పక్కలకూ నచ్చింది.

జమ్మలమడుగు మీసాలాయన ఒకడు వచ్చి హుమాయున్ జబ్బ పట్టుకున్నాడు. "నువ్వు ఎత్తులో కూసున్నావు. ఈల ఏసినోడు నీకు కనపడింటాడు. పా, చూపిచ్చు."

గొడవలో మరిచిపోయిన ముల్లు ఎత్తడానికి హుమాయున్ చెయ్యి చాచాడు గానీ అప్పటికే అతణ్ణి బల్ల మీద నుంచి దించేశారు. నిజం చెబితే నారాయణ పరువు పోతుంది. చెప్పకపోతే తన వీపు పోయేట్టుంది. అతను వీపును అల్లాకు అప్పగించి నడిచాడు. రెండు ఊళ్ళ మగవాళ్ళు అతని వెనక నడిచారు. ఎక్కడో సముద్రాల అవతల తమ ఇళ్ళలో ఉన్న ఈలగాళ్ళ కోసం పులివెందులలో గడ్డివాములు గాలించారు. ఒక వాములోంచి మేక బయటికి వచ్చింది. ఎవరికీ వన్స్‌మోర్ చెప్పే మొహం కాదు దానిది.

పందిట్లో ఆడవాళ్ళు మిగిలారు, నారాయణ మిగిలాడు, పీర్ సాహెబ్ మిగిలాడు. రికార్డు తిరుగుతూనే ఉంది. గొడవలో ఎవరూ గమనించకుండానే అందులో కేకలు సద్దుమణిగి పాట మొదలైంది. మొదలైందంటే ఆర్గన్ మీద ఒక స్వరం పట్టుకుని ఎవరో వదలకుండా ఉండిపోయారు. లేచి వెళ్ళిపోదామా అని నారాయణ చూస్తున్నాడు.  రాజు వేషం పోయినట్టేనని అతనికి తెలిసిపోయింది. అంతకంటే, ఇంత వయసొచ్చి చప్పట్లు దొంగిలించానన్న సిగ్గు ఎక్కువైంది.

"పాడప్పా," అన్నాడు పీర్ సాహెబ్.

"వద్దు పీరన్నా. గొంతు లేదు."

"అడిగినారు గదా. అడిగినాక పాడకుండా లేస్తే ఎట్లా?" పీర్ సాహెబ్ చెవి లౌడ్‌స్పీకరు వైపు పెట్టాడు. "ఎవురో శానా పెద్ద హార్మోనియం వాయిస్తాండారు. మన శ్రుతే. తొందరలేని మనిషి."

ఆయన మెల్లగా మెట్టు నొక్కాడు. హార్మోనియం ఆ ఆర్గన్ కిందికి వెళ్ళి కూర్చుంది. ఇక నారాయణకు దారి లేదు. పైకి పోతే గొంతు చీలుతుందని కింది స్థాయిలోనే అందుకున్నాడు. రాగాలు తీయలేదు, చెయ్యి ఎత్తలేదు. పైకి వెళ్ళలేని గొంతుతో పాడుతుంటే, ఇన్నేళ్ళూ జనం కోసం విసిరిన మాటలు అతనికే వినిపించాయి. అడవిలో ఉన్నవాడు భార్య గురించి అరవడు కదా, తనలో తాను అనుకుంటాడు. నారాయణ తనలో తాను అనుకున్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నాటకం నీళ్ళు కావు.

పద్యం అయిపోయింది. ఆర్గన్ ఇంకా సాగుతూనే ఉంది. ఆడవాళ్ళెవరూ కదల్లేదు. వన్స్‌మోర్ అని కేక వేయడం మావైపు మగవాళ్ళ పని, ఆడవాళ్ళు ఎన్ని నాటకాలు చూసినా నోరు విప్పరు. గురమ్మ కుర్చీలో ముందుకు వంగింది.

"నాయనా, ఇంగొగసారి పాడు. ఇందాకటి మాదిరి గట్టిగా కాదు. ఇప్పుడు పాడినట్లే పాడు."

నారాయణ ఆమెకు దండం పెట్టి మళ్ళీ పాడాడు. 

అతను ముగించేసరికి మగవాళ్ళు ఉత్త చేతులతో పందిట్లోకి తిరిగి వచ్చారు. సరిగ్గా అప్పుడే రికార్డు మీద ఆ పక్క పాట కూడా పూర్తయింది. వేలమంది మళ్ళీ అరిచారు, ఈలలు వేశారు. ఈసారి రెండు ఊళ్ళ వాళ్ళూ అక్కడే నోళ్ళు మూసుకుని నిలబడి ఉన్నారు కాబట్టి, అందరి చూపులూ వేపచెట్టు మీదికి పోయాయి. అక్కడి నుంచి హుమాయున్ మీదికి వచ్చాయి. మీసాలాయన వెళ్ళి రికార్డు అట్ట తెచ్చి ఆ జుట్ల మనుషుల బొమ్మను ఆదినారాయణకు చూపించాడు.

హుమాయున్ నోరు తెరవకముందే నారాయణ లేచాడు. కేకలు తనవి కావని, ఇంగ్లండులో ఎవరికో పడినవని, ఆశ కొద్దీ తాను ఒప్పుకున్నానని, హుమాయున్‌దీ పీర్ సాహెబ్‌దీ తప్పు లేదని చెప్పాడు. మంత్రి వేషానికి కూడా వేరేవాళ్ళను చూసుకోమన్నాడు. పీర్ సాహెబ్ తౌబా అని చెంపలు వేసుకున్నాడు, పెదవులు మాత్రం నవ్వుతున్నాయి.

మీసాలాయన అట్టను ఆదినారాయణ చేతిలో పెట్టాడు. ఇంగ్లండు మీదికి కొట్లాటకు బస్సు కట్టించలేం కదా అని నవ్వి కూర్చున్నాడు. మిగతావాళ్ళూ తువ్వాళ్ళు మళ్ళీ భుజాల మీద వేసుకున్నారు. ఆదినారాయణ మాత్రం నవ్వలేదు.

"అంటే నీకు నిజంగా వన్స్‌మోర్ అన్నోళ్ళు ఒగరు గూడా లేరు," అన్నాడు.

"నేనన్నా," అంది గురమ్మ.

ఆదినారాయణ తల్లి వైపు తిరిగాడు. ఆ ఇంట్లో పుట్టి ఇంత పెద్దవాడయ్యాడు, కూరలో ఉప్పు సరిపోయిందని కూడా ఆమె నోట ఎన్నడూ వినలేదు. ఇంతకుముందే మనవరాలి తాళిబొట్టు గొలుసు సన్నంగా ఉందని చెప్పి వచ్చింది. "నువ్వు అడిగినావా? మళ్ళా పాడమనా?"

"అడిగినా. పాడినాడు. నువ్వు గడ్డివాముల్లో దేవులాడుకుంటాండావు, నీకేం తెలుస్తాది."

ఆదినారాయణ రికార్డు అట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత దాన్ని జాగ్రత్తగా హుమాయున్ చేతికిచ్చి, కిరీటం కొలత పాతదేనా, తల ఏమైనా పెరిగిందా అని నారాయణను అడిగాడు.

ఆ తర్వాత నారాయణను పద్యాలకు పిలిచినవాళ్ళకు అతను పెట్టే షరతు ఒకటే. మైకు ఎక్కడ కడతారో, ఎంతమంది వస్తారో అడగడు. ఆడవాళ్ళను ఎంత ముందు కూర్చోబెడతారని అడుగుతాడు.