ఏ చీమ?

ఆ రోజు పొద్దున్న పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిను వేళకి మావగారి దవడ పన్ను పీకెయ్యాలి, భోజనం వేళకి మంచి అల్లుడనిపించుకోవాలి. మొదటిది చేతిలో పని. రెండోదే, పెళ్ళయిన నాటినుంచి వాయిదా పడుతూ వస్తోంది.

మావగారు గూడ్సు రైలు గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. ఇంజను డ్రైవరుకి వినబడాలని అరిచి అరిచి, ఉప్పు అందించమన్నా పక్కింటివాళ్ళు ఉలిక్కిపడే గొంతు అబ్బింది. "గుండెకి డాక్టరంటే అర్థముంది. ఎముకలకి డాక్టరంటే అర్థముంది. పళ్ళకి డాక్టరేమిటయ్యా? పుల్లతో తోముకునే ప్రతివాడూ సగం డాక్టరే!" అని అల్లుడి ఎదుటే చుట్టాలతో అనేవారు. పైగా నొప్పి అన్నది తన ఒంటికి తెలియదని ఆయన గట్టి నమ్మకం. ఆ సంగతి దవడ పన్నుకి ఎవరూ చెప్పినట్టు లేదు. వారంగా ఆయన దిండు కొరుకుతున్నారు. చివరికి కూతురే కలగజేసుకుని, తండ్రిని అల్లుడి క్లినిక్కుకి వెళ్ళేలా ఒప్పించింది.

"నాన్న నోట్లోంచి 'అబ్బా' అన్న మాట వచ్చిందో, మీరిక ఇంటికి రానక్కర్లేదు. ఆ కుర్చీలోనే పడుకోండి" అని చెప్పులు తొడుక్కుంటున్న భర్తకి మెత్తగా చెప్పి మరీ పంపింది.

క్లినిక్కు మేడ మీద. మావగారు కుర్చీలో వెనక్కి వాలారు. డాక్టరు మత్తు సూది వీపు వెనక దాచుకుని, ప్రతి రోగికీ చెప్పే మాటే చెప్పాడు.

"నోరు తెరవండి మావయ్యగారూ. ఏం లేదు, చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

తెరవబోయిన నోరు టక్కున మూసుకుంది. "ఏ చీమ?"

"చీమేనండీ. మామూలు చీమ."

"మామూలు చీమంటూ లోకంలో లేదయ్యా. నల్లచీమ ఊరికే పాకుతుంది. ఎర్రచీమ చురుక్కుమనిపిస్తుంది. గండుచీమ పట్టిందంటే తల తెగినా వదలదు. ఇందులో నీది ఏ చీమో చెప్పు."

"నల్లచీమే" అన్నాడు డాక్టరు, బేరం తెగితే చాలనుకుని.

"అబద్ధం సార్, ఎర్రచీమే" అంది దూది చుడుతున్న నర్సమ్మ. "నేను వేయించుకున్నాగా!"

గదికీ బయటి బెంచీలకీ మధ్య తలుపు తీసే ఉంది, అడ్డున్నది ఒక్క పరదానే. "ఎర్రచీమా? నాకు పోయినసారి అచ్చం తేనెటీగలాగుంది!" అన్నాడు బెంచీ మీది దర్జీ.

"తేనెటీగ నయం కాదూ?" అంది పక్కనున్న పూలకొట్టావిడ. "మనల్ని కుట్టి అదే చస్తుంది. దానికి మన ఉసురు తగులుతుంది. కందిరీగ అలా కాదు బాబూ. కుట్టి, వెళ్ళి, ఏదో మర్చిపోయినట్టు మళ్ళీ వచ్చి కుడుతుంది."

"మరి తేలు మాటేమిటి?" అన్నాడు దర్జీ.

మావగారు ఇక ఆగలేకపోయారు. "ఎనిమిది కాళ్ళయ్యా దానికి! తేలు వేరే డిపార్టుమెంటు! ఇందులో కలపకండి!" అని కుర్చీలోంచే కేకేశారు. ఆ కేకకి నోరు పూర్తిగా తెరుచుకుంది. ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదని డాక్టరు చటుక్కున చిగురులో సూది గుచ్చేశాడు.

"కందిరీగ!!"

అది మావగారి తీర్పు. కాకపోతే ఆ తీర్పు మొదట చెవినపడింది అప్పుడే మెట్లెక్కి వస్తున్న ఫోటోస్టూడియో ఆయనకి. ఆయన ఎత్తిన కాలు కిందపెట్టకుండా వెనక్కి తిరిగి, "బాబోయ్, కందిరీగ!" అంటూ దిగిపోయాడు. మెట్లు దిగేసరికి ఒకటి నాలుగైంది. టీకొట్టు చేరేసరికి తుట్టె అయింది. వీధి మలుపు తిరిగేసరికి పళ్ళ డాక్టరు స్పృహ తప్పి పడిపోయాడు. కింద రేగిన గోల విని, ఇప్పటిదాకా కందిరీగ గుణగణాలు వర్ణించిన పూలకొట్టావిడ, దర్జీ, నర్సమ్మ ఒకరినొకరు తోసుకుంటూ పరుగెత్తారు. ఆఖరున వెళ్ళిన దర్జీ, వీధి జనం మీద జాలితో, గది తలుపుకి బయట గడియపెట్టి మరీ వెళ్ళాడు.

లోపల డాక్టరు తలుపు బాదాడు. "పాపం, కొట్టుకుంటున్నాడు" అని కింద నిలబడ్డవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఫోను చేద్దామంటే అది బయటి బల్ల మీద ఉంది. ఇంతలో గంట కొట్టుకుంటూ ఫైరింజను రానే వచ్చింది.

"లోపల కందిరీగలున్నాయా?" అని ఫైరింజను పెద్దాయన మైకులో అడిగాడు.

డాక్టరు కిటికీలోంచి ఏదో అన్నాడు గానీ, ఆ పలచని గొంతు గంట కింద నలిగిపోయింది.

"నువ్వు జరగవయ్యా. ఇది గార్డు పని" అని మావగారు కిటికీలో నిలబడ్డారు. 'కందిరీగ లేదు' అందామన్నదే ఆయన ఉద్దేశం. కానీ మత్తు అప్పటికే పెదవిదాకా పాకింది. చివరి అక్షరం చెంపలో ఇరుక్కుపోయింది.

"కంయిరీగ లే...!"

"కందిరీగలే అంటున్నారు! నిచ్చెన ఎత్తండి!"

"లే...! లే...!" అంటూ మావగారు రెండు చేతులూ ఊపారు. "లేపమంటున్నారు, ఇంకా పైకి!" అన్నాడు పెద్దాయన. నిచ్చెన రయ్యిమని లేచి, కిటికీ పక్కన వేలాడుతున్న బోర్డుని ఢీకొంది. ఆ బోర్డు మనిషంత పన్ను ఆకారంలో ఉంటుంది. అందులో పుచ్చు ఉందని పళ్ళ డాక్టరుకే తెలియదు. ఎన్నాళ్ళ కిందట తుట్టె పెట్టాయో, ఆ బోలు పంటిలోంచి నిజం కందిరీగలు బుస్సున లేచి కిటికీలో దూరాయి.

మొదటిది డాక్టరు ముక్కు మీద కుట్టింది. "అమ్మా!" అన్న ఆ కేక గంటను మించిపోయింది. రెండోది చెవిని పట్టుకుంది. ఆయన తెల్లకోటు తలమీదికి లాక్కుని కుర్చీ కిందికి దూరాడు. పూలకొట్టావిడ చెప్పినట్టే అది మళ్ళీ వచ్చి ఇంకోసారి కుట్టింది.

మావగారు మాత్రం కిటికీలోంచి కదల్లేదు. మూడు కందిరీగలు ఆయన కుడి చెంప మీద వాలి, తీరిగ్గా కుట్టాయి. ఆయన కనురెప్ప కూడా ఆడించకుండా, నిచ్చెన దించమని వేలితో చూపిస్తున్నారు. వీధంతా నోరు వెళ్ళబెట్టింది. "మనిషా, ఇనుమా!" అన్నాడు దర్జీ. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఫైరింజను పెద్దాయన టోపీ తీశాడు.

అందరూ తన చెంపకేసే చూస్తున్నారేమిటా అని మావగారు పక్కనున్న అద్దంలోకి తొంగిచూశారు. మూడింటినీ చూశారు. గోటితో ఒక్కొక్కదాన్నే మీటారు. చెంప మీద గట్టిగా గిల్లుకున్నారు. చెక్కని గిల్లినట్టుంది. నెమ్మదిగా వంగి కుర్చీ కిందికి చూశారు.

"అల్లుయూ..." అన్నారు, జీవితంలో మొదటిసారి తగ్గిన గొంతుతో. "నువ్వు యాక్టరువేనయ్యా!"

డాక్టరుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందులో ఎంత కందిరీగదో, ఎంత ఆ మాటదో ఆయనకే తెలియదు.

ఫైరింజను వాళ్ళు తలుపు గడియ తీసి, నీళ్ళు కొట్టి, తుట్టె దింపి, బెంచీలు సుబ్బరంగా తడిపి వెళ్ళారు. మత్తు ఉండగానే పని కానిచ్చెయ్యాలని డాక్టరు, ముక్కు వాపుకి ఒక కన్ను మూసుకుపోయినా, ఒంటి కంటితో చూస్తూ పటకారు అందుకున్నాడు. పన్ను ఊడివచ్చింది. "మొదలుపెట్టవేం?" అన్నారు మావగారు. అప్పటికి పన్ను పళ్ళెంలో ఉంది.

ఇంటి తలుపు తీసిన కూతురు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇంతకీ పన్ను పీకింది ఎవరికండీ?"

భోజనాలు మొదలయ్యేసరికి కబురు తెలిసి ఇరుగుపొరుగు హాలంతా నిండిపోయారు. అల్లుడు ముక్కు మీద ఐసుగడ్డ పెట్టుకుని మూలన కూర్చున్నాడు. మావగారేమో, మాట్లాడకూడదన్న హెచ్చరికతో సహా దూదినంతా పక్కన పడేసి, నడిమధ్య కుర్చీ వేసుకున్నారు.

"మూడు కందిరీగలమ్మా, మూడు! ఒకేసారి! నాకు చిటికెడు నొప్పి తెలిస్తే ఒట్టు!" అని చెంప చూపించారు. మాట ఇప్పుడు స్పష్టంగానే వస్తోంది. డాక్టరు అది గమనించి గోడ గడియారం వైపు చూశాడు, ఏదో చెప్పబోయాడు, ఎందుకులే అని ఐసుగడ్డ సర్దుకున్నాడు.

"అసలు నొప్పంటే ఏమిటో ఈ ఒంటికి..." అంటూ మావగారు చెయ్యి గాల్లోకి ఎత్తారు.

సరిగ్గా అక్కడికి మత్తు దిగింది.