చెత్త లారీ తొట్టి మెల్లగ దిగాల్నా?

చెత్త లారీ తొట్టి మెల్లగ దిగాలని అడిగేటోళ్లు పంచవర్ష ప్రణాళికకు శత్రువులు! కోపంతోని అంటలేను. బాగ ఆలోచించే అంటున్న.

మన జహీరాబాద్ మార్కెట్ల చెత్త ఎత్తే కాంట్రాక్టు మదన్‌మోహన్ సేట్‌ది. ఎడ్లబండ్లు బందు పెట్టి, ఆయిల్ బలంతోని తొట్టి లేచే లారీ తెచ్చిండు. కోహీర్ రోడ్డు మీద చెత్త పోసే గుంతల కాడ డ్రైవర్ జగ్గయ్య లివర్ గుంజుతడు. పంపు ఆయిల్‌ను నెడుతది, తొట్టి లేస్తది, చెత్త జారుతది. ఎంత నాగరికత!

కాని లారీ చేసిన కంపెనీకి ఒక పిచ్చి ఉండె. ఆయిల్ పైపుల చిన్న ఇత్తడి వాల్వు పెట్టిన్రు. తొట్టి లేచేటప్పుడు అది ఆయిల్‌కు అడ్డం రాదు. దిగేటప్పుడు మాత్రం దారి సన్నగ చేస్తది. మీద ఎంత బరువు పడ్డా ఆయిల్ ఆ సందులకెల్లే పోవాలె. అందుకే తొట్టి, నడుము నొప్పున్న ముసలాయన కూసున్నట్టు దిగుతుండె.

చెత్తకు ఇంత మర్యాద ఎందుకు? తొట్టి దిగేలోపల జగ్గయ్య బీడీ తాగుతుండె. సేట్ ఓర్వలేదు. వాల్వు పీకించి ఉత్త పైపు బిగింపిచ్చిండు. ఇప్పుడు లివర్‌కు వేలు తగిలితే చాలు, తొట్టి ధన్‌మని పడతది. చప్పుడు చిరాగ్‌పల్లి దాక! ట్రిప్పులు పెరిగినయి. గడియారం లేనోళ్లు ఆ చప్పుడుకే లేచి పనికి పోతున్నరు. ఇంతకంటె ప్రజాసేవ ఉంటదా?

అందరికంటె ఎక్కువ లాభం లారీ మీద కూలి చేసే సంగమ్మకు. చెత్త జారేటప్పుడు కొంత లారీ చట్రం మీద పడతది. అది తియ్యకుంటే తొట్టి సరిగ కూసోదు. లేచిన తొట్టి కింద తలపెట్టి పారతోని గీకేది ఆమెనే. మొన్న ఆమె చెయ్యి ఇవతలికి తీసిందో లేదో, జగ్గయ్య మోచెయ్యి లివర్‌కు తగిలింది. పార కట్టె రెండు ముక్కలు! యాభై దాటిన ఆడమనిషికి జింక లెక్క దుంకుడు నేర్పే వ్యాయామశాల ఈ తాలూకాల ఇంకోటున్నదా?

శుక్రవారం సేట్ జీపుల గుంతల కాడికి వచ్చిండు. చెత్త ఎత్తే మా యూనియన్‌వాళ్లం అందరం అక్కడనే ఉన్నం.

“వాల్వు పెట్టిచ్చుండ్రి సేట్. చేతులుంటేనే గద బువ్వ తినేది” అన్నది సంగమ్మ.

“నీకు గీకుడు వస్తలేదు సంగమ్మా. జర జల్ది చెయ్యాలె, అంతే.”

“అట్లనా? జర మీరే చూపిచ్చుండ్రి, నేర్చుకుంట.” ఇంకో పార తెచ్చి ఆయన చేతుల పెట్టింది.

అందరు చూస్తున్నరాయె. సేట్ ధోతి ఎగ్గట్టి ఒంగిండు. తల లేచిన తొట్టి కిందికి పోయిందో లేదో, క్యాబిన్ల జగ్గయ్య దగ్గిండు.

సేట్ ఎగిరి అవతల పడ్డడు. “మెల్లగ! అరే, మెల్లగ దించుర!”

“నేను లివర్ ముట్టనేలేదు సేట్, ఉత్తగ దగ్గిన. అయినా మెల్లగ దించేదాన్ని మీరే పీకిచ్చిన్రు గద!”

సేట్ బట్టలు దులుపుకొని జీపెక్కి పోయిండు. వాల్వు రాలేదు. సంగమ్మకు కొత్త పార కట్టె వచ్చింది.

అయినా నేను వాల్వు అడగను. సోమవారం నుంచి సంగమ్మ ఆ తొట్టి కింద ఒంగదు. మేమెవ్వరం ఒంగం. చెత్త మార్కెట్లనే ఉంటది. సేట్‌కు వేగమంటే ప్రాణం గద! మార్కెట్ల కుళ్లిన వాసన ఆయన ఇంటికి ఎంత వేగంగ పోతదో చూద్దాం.

వాసనను మెల్లగ చేసే వాల్వు మాత్రం ఏ కంపెనీ చేస్తలేదు.