తుపానుకి పడని వరి

పొలాల్లో విషం పడుతోందని గగ్గోలు పెట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంటండీ! నన్నడిగితే అదొక వరం. కాదన్నవాళ్లు మా మొగల్తూరు వైపొచ్చి ఏసుపాదం గారి ఎకరం చేను చూసి మాట్లాడాలి. ఆయన ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి ఆ చేలోంచే రావాలి.

కలుపు మందుని ఇసుకలో కలిపి వరిచేలో చల్లడం మన రైతులకి అలవాటే కదా. ఈ సార్వా పంటకి గోదావరికి వరదొచ్చి ఇసుక దొరకలేదు. మా ఊళ్లో కొత్తగా పెట్టిన ఫ్యాక్టరీ వెనకేమో నల్లటి పొడి గుట్టలుగా పోసి ఉంది. మెత్తగా ఉంది, పైగా ఉచితం! "ఇసకైతే ఏంటండి, ఇదైతే ఏంటండి" అంటూ ఏసుపాదం గారు బస్తాలకెత్తి తెచ్చి, మందు కలిపి చల్లేశారు. ఆ పొడిలో సీసం, కాడ్మియం లాంటి విషపు లోహాలు ఉన్నాయని తరవాత తెలిసింది.

ఇక చూడండి అద్భుతం! వరి మోకాలు దాటలేదు. ఏటా తుపానుకి చేలు పడిపోయాయని ఏడుస్తాం కదా? ఈ చేను పడదు. పడాలంటే ముందు లేవాలి కదండీ! పిట్ట వాలడం లేదు. ఎలకలు పక్క ఊరికి కాపురం మార్చేశాయి. కలుపు మాత్రం పెళ్లివారిలా కళకళలాడుతోంది. ఇక ఆడవాళ్లు ఆసుపత్రిలో ఐరన్ బిళ్లలు మింగడం దేనికండీ, ఫ్యాక్టరీవారు లోహాలన్నీ అన్నంలోనే పంపుతుంటే?

ఈ ఘనత ఎవరిదో తేల్చడానికి పురుగుమందుల షాపాయన, ఫ్యాక్టరీ మేనేజరు, వ్యవసాయాఫీసరు ఒకే జీపులో వచ్చారు. చూద్దామని నేనూ వెళ్లాను.

"మా మందు ఒక్కటే అయితే వరికి ఏమీ అవదండి" అన్నారు షాపాయన.

"మా పొడి ఒక్కటే అయితే పసిపిల్లలు కూడా తినొచ్చండి" అన్నారు మేనేజరు.

"విడివిడిగా రెండూ మంచివేనండి. కలిస్తే ఏమవుతుందో చూడ్డం మా డిపార్టుమెంటు పని కాదు" అని తేల్చేశారు ఆఫీసరు గారు. ఎంత న్యాయం! వేరే వేరే ఊళ్లలో ఉంచితే ఏ ఆలుమగలు పోట్లాడుకున్నారు కనక?

మధ్యాహ్నమైంది. ఏసుపాదం గారి భార్య దేవకుమారి గారు మర్యాద తెలిసిన మనిషి. ముందుగా కోసిన మూలలో దక్కిన కాసిని గింజలే దంచి, వండి, అతిథులకి అరిటాకులు వేశారు. "మా చేలో బియ్యమేనండి. కడుపునిండా తినండి బాబూ" అన్నారు.

అంతే! షాపాయనకి ఆ రోజు శనివారమనీ, తనకి ఉపవాసమనీ గుర్తొచ్చింది. మేనేజరు గారికి అక్కడికక్కడే షుగరు పెరిగింది. బయట ముద్ద ముట్టనని ఆఫీసరు గారు వాళ్లమ్మకి మాటిచ్చారట! చూశారా, దైవభక్తీ మాతృభక్తీ కూడా పెంచే ఎరువు ఇంకెక్కడైనా ఉందా?

జీపు వెళ్లిపోయింది. దేవకుమారి గారు ఆకుల్లో అన్నం తీసి గిన్నెలో వేస్తున్నారు. నేను ఉండబట్టలేక "పారబొయ్యండమ్మా!" అన్నాను.

"పారబోసి పిల్లలకి ఏం పెట్టమంటారండి?" అన్నారావిడ.

అంచేత పాఠకులనే అడుగుతున్నాను. ఆ ముగ్గురూ తమ ఇళ్లలో వండుకునే బియ్యం ఏ ఊరి చేలో పండుతాయో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. వెళ్లి ఆ పిల్లలకి రెండు కుంచాలు అడిగి తెస్తాను.