లోపలి అరుగుదల

ఆదివారం పొద్దున్నే బయలుదేరి, చెప్పాపెట్టకుండా భార్య ముందు నిలబడాలని డ్రాయింగు మాస్టారి ఆలోచన. ఆవిడ వేరే ఊరి ఆసుపత్రిలో నర్సు. వర్షాలకు ముందు వెళ్ళిన మనిషి మళ్ళీ ఇంటి మొహం చూడలేదు. సెలవడిగితే పెద్ద నర్సమ్మ ఎప్పుడూ "వచ్చే నెల చూద్దాం" అనేది. కారులో ముందు సీటు ఇప్పటికీ ఆవిడ జరుపుకున్న చోటే ఉంది. మాస్టారు దాన్ని ముట్టుకోలేదు.

తీరా కారు తీస్తే అది ఎడమకి లాగింది. దారిలోనే కార్ల షెడ్డు. ఇంజను మీద చెవి ఆనించి జబ్బు చెబుతాడని అక్కడి మెకానిక్కును వీధంతా డాక్టరనే పిలుస్తారు.

"దేన్నయినా గుద్దారా సార్?"

మాస్టారు తల వంచుకున్నాడు. భార్యను బస్సెక్కించి తిరిగొచ్చేటప్పుడు చూపు బస్సు కిటికీ మీద, చక్రం రోడ్డు గట్టు మీద ఉన్నాయి. ఆ మాట ఎవరికి చెబుతాడు?

డాక్టరు కారు కిందికి దూరుతుండగా వదినగారు ఫోన్ చేసింది.

"డాక్టరు దగ్గరున్నా వదినా, ఒక్క నిమిషం," అని మాస్టారు ఫోను జేబులో వేసుకున్నాడు, కట్ చేయకుండా.

"పైకి బాగానే ఉన్నాయి సార్. లోపలి వైపు పూర్తిగా అరిగిపోయాయి. ఇలాగే తిరిగితే దారిలో కూలబడతారు. రెండూ మార్చాల్సిందే. వంకర సరిచేయకుండా మారిస్తే కొత్తవీ ఇలాగే పోతాయి."

"ఎంత సేపైనా సరే, ఇవాళే చేసెయ్యండి. నేను మా ఆవిడ దగ్గరికి వెళ్ళాలి."

ముందు చక్రాలు రెండూ కాళ్ళు ఎడంగా వేసి నడిచేవాడిలా చెరోవైపుకి తిరిగి ఉన్నాయి. వాటిని తిన్నగా చేసి, కొత్త టైర్లు వేసేసరికి మాస్టారి ఫోనులో ఛార్జి అయిపోయింది.

ఈలోగా వదినగారు తోడికోడలికి ఫోన్ చేసింది. "కంగారు పడకు. మీ ఆయన మోకాళ్ళు రెండూ అరిగిపోయాయట. ఇవాళే మార్చేస్తున్నారు. నీ దగ్గరికి రావాలని ఒకటే కలవరింత."

ఆవిడ భర్తకు ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. ఆపరేషన్ థియేటర్లో ఉంటాడనుకుని ఏడుస్తూ సెలవడిగి బస్సెక్కింది.

మాస్టారు అక్కడికి చేరేసరికి గదికి తాళం. గది అద్దెకిచ్చినావిడ బయటికొచ్చి, మొహం చూడకుండా ఆయన కాళ్ళకేసి చూసింది.

"ఇవి... మీవేనా?"

"ఏం?"

"రెండూ తీసేశారని విన్నాం."

ఆవిడ చెప్పిందంతా విని సంగతి అర్థమయ్యేసరికి మాస్టారికి నవ్వు రాలేదు. నాకోసం ఏడుస్తూ వెళ్ళింది, వెళ్ళిన చోట నేను లేను, అనుకున్నాడు. వెంటనే కారు తిప్పాడు. స్టీరింగు మీద వేలు పెడితే చాలు, బండి గీత గీసినట్టు పోతోంది.

ఇంటి ముందు జనం. అన్నగారు చక్రాల కుర్చీ అద్దెకు తెచ్చి, అందులో తానే కూర్చున్నాడు. ఏ ఆసుపత్రిలోనూ మరిది దొరకలేదని వదినగారు కళ్ళు ఒత్తుకుంటోంది. మాస్టారు కారు దిగి నడిచి వస్తుంటే అందరూ ఆయన మోకాళ్ళకేసే చూశారు.

భార్య ఎదురొచ్చింది. "గొంతుక్కూర్చోండి."

కూర్చున్నాడు.

"లేవండి."

లేచాడు.

"మరి అరిగిందేమిటి?"

"టైర్లు."

అన్నగారు భార్యకేసి చూశాడు. వదినగారు కొంగుతో ద్వారబంధం తుడవసాగింది. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

"వస్తున్నానని ఒక్క మాట చెప్పొచ్చుగా," అంది భార్య, మెట్టు మీద కూలబడుతూ.

"చెబితే డ్యూటీ ఉంది, రావద్దంటావు."

ఆవిడ ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, తీయడం మరిచిపోయింది.

"పొద్దున్నే పోవాలా మళ్ళీ?" అన్నాడు మాస్టారు, ఎటో చూస్తూ.

"లేదు. రెండు మోకాళ్ళకి ఎంత సెలవిస్తారో అంతా ఇచ్చేశారు."

ఆ నెలంతా డ్రాయింగు మాస్టారు వీధిలోకి వచ్చినప్పుడు, జ్ఞాపకం ఉన్నంతవరకూ, కుంటుతూనే నడిచాడు.